ఎన్విరాన్‌మెంటల్ టాక్సికాలజీకి అమెరికా పంపాలా? అప్పు చేసి మాత్రం వద్దు

ప్రశ్న: మాది ఏలూరు. మా అమ్మాయి ఎమ్మెస్సీ జువాలజీ చివరి సంవత్సరంలో ఉంది. 2020 డిసెంబరులో మా ఊళ్లో జనం మూర్ఛ వచ్చి పడిపోయినప్పుడు తను ఇంటర్ చదువుతోంది. రసాయనాలు చేసే హాని గురించే చదువుతానని అప్పటి నుంచీ అంటోంది. ఇప్పుడు అమెరికాలో ఎన్విరాన్‌మెంటల్ టాక్సికాలజీలో ఎం.ఎస్. చేస్తానంటోంది. ఇల్లు తాకట్టు పెడితే తప్ప పంపలేను. ఈ చదువుకు ఉద్యోగాలు ఉన్నాయా? పంపమంటారా?

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్న చదువు మంచిది. మీరు ఆలోచిస్తున్న దారి మాత్రం నాకు సమ్మతం కాదు. ఇల్లు తాకట్టు పెట్టి ఎం.ఎస్.కు పంపవద్దు. ఈ రంగంలో అమెరికా వెళ్లాలంటే ఫీజు వాళ్లే భరించి, నెలనెలా స్టైపెండ్ ఇచ్చే పీహెచ్‌డీకే వెళ్లాలి. ఈ ఏడాది ఆ సీటు రాకపోతే ఇక్కడే ఒకటి రెండేళ్లు పనిచేసి మళ్లీ ప్రయత్నించవచ్చు.

ముందు ఈ చదువు ఏమిటో చూద్దాం. అప్పట్లో మీ ఊళ్లో ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీతో పాటు పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు కూడా రంగంలోకి దిగారు. తర్వాత అనుమానం పురుగుమందుల అవశేషాల వైపు మళ్లింది. ఏ రసాయనం, ఏ దారిన ఒంట్లోకి చేరింది, ఎంత మోతాదులో చేరితే ఈ లక్షణాలు వస్తాయి? వీటికి జవాబు వెతకడమే టాక్సికాలజిస్టు పని. చేపలు, తేనెటీగలు, వానపాములు, పక్షుల విషయంలోనూ ఇవే ప్రశ్నలు వేసుకుంటే అది ఎన్విరాన్‌మెంటల్ టాక్సికాలజీ.

ల్యాబులో ఈ పని ఎలా ఉంటుందో అమ్మాయికి ముందే తెలియాలి. డాఫ్నియా అని చాలా చిన్న నీటి జీవి ఉంటుంది. పుట్టి 24 గంటలు దాటని పిల్లలను తీసుకుని, ఒక్కో గాఢత దగ్గర ఇరవైకి తగ్గకుండా, సాధారణంగా ఐదేసి చొప్పున నాలుగు బీకర్లలో వేస్తారు. 48 గంటల తర్వాత బీకరును మెల్లగా కదిపి, 15 సెకన్లలోపు ఈదలేని వాటిని లెక్కపెడతారు. సగం జీవులను కదలకుండా చేసే గాఢత ఎంతో ఆ లెక్కల నుంచి తేలుస్తారు. ఇది అభివృద్ధి చెందిన దేశాల కూటమి ఓఈసీడీ ఇచ్చిన 202వ మార్గదర్శకం. నీటి ఉష్ణోగ్రత, కరిగిన ఆక్సిజన్, ఎవరు ఎప్పుడు లెక్కపెట్టారు అన్నవన్నీ సంతకంతో సహా నమోదు చేయాలి. నమోదు కాని పని జరగనట్టే లెక్క. ఇంత ఓపిక, ఇంత నిక్కచ్చితనం తనకు ఉన్నాయో లేదో అమ్మాయినే అడగండి. నా దృష్టిలో మార్కులకన్నా ఇదే ముఖ్యం.

ఉద్యోగాల సంగతికి వస్తే, అవి ఎక్కువగా పుట్టేది ఈ పరీక్షల చుట్టూనే. కొత్త పురుగుమందును అమ్మాలంటే చేపలకు, తేనెటీగలకు, నేలకు అది ఏం చేస్తుందో చూపించాలి. ఐరోపాలో ఔషధానికి అనుమతి కోరే కంపెనీ పర్యావరణ ముప్పు అంచనాను కూడా జతచేయాలి. సవరించిన మార్గదర్శకాలు 2024 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్నాయి. హైదరాబాద్ నుంచి ఐరోపాకు మందులు పంపే కంపెనీలకు ఇది నేరుగా తగిలే విషయం. పైగా 2011 నుంచి మన దేశంలోని గుర్తింపు పొందిన జీఎల్‌పీ (గుడ్ ల్యాబొరేటరీ ప్రాక్టీస్ నియమాలు పాటించే) ల్యాబుల పరీక్షా ఫలితాలను ఓఈసీడీ దేశాలు అంగీకరిస్తున్నాయి. అందుకే గుజరాత్‌లోని వాపి దగ్గర, బెంగళూరులో, హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో ఇలాంటి కాంట్రాక్టు పరిశోధన సంస్థలు పనిచేస్తున్నాయి. చేరినప్పుడు జీతం పెద్దగా ఉండదు, అది దాచి లాభం లేదు. కానీ ఒక పరీక్ష మొత్తానికి బాధ్యత వహించే స్టడీ డైరెక్టర్ స్థాయికి, అక్కడి నుంచి అనుమతుల వ్యవహారాలు చూసే రెగ్యులేటరీ టాక్సికాలజిస్టు స్థాయికి ఎదిగినవారిని కంపెనీలు వదులుకోవు.

కాలుష్య నియంత్రణ మండలి గురించి చాలామంది అడుగుతుంటారు. అక్కడ అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్ పోస్టులకు ఇంజినీరింగ్ డిగ్రీ కావాలి. జువాలజీ వాళ్లు దాని మీద ఆశలు పెట్టుకోవద్దు.

ఇక అమెరికా. ఈ రంగానికి అక్కడ గట్టి పునాది ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్‌లో, డేవిస్‌లో, ఒరెగాన్ స్టేట్‌లో, లబ్బక్‌లోని టెక్సస్ టెక్‌లో దీనికి ప్రత్యేక విభాగాలో, గ్రాడ్యుయేట్ ప్రోగ్రాములో ఉన్నాయి. అక్కడి పరిశోధనకు ఎంత బలముందో ఒక్క సంఘటన చెబుతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో వాన పడిన ప్రతిసారీ, గుడ్లు పెట్టడానికి వాగుల్లోకి ఎదురీదిన కోహో సాల్మన్ చేపలు ఆ పని పూర్తికాకముందే చచ్చిపోయేవి. ఏళ్ల తరబడి కారణం అంతుబట్టలేదు. రోడ్డు మీది నుంచి కొట్టుకొచ్చే నీటిలోని రసాయనాలను ఒక్కొక్కటిగా వేరుచేస్తూ పోయిన విశ్వవిద్యాలయ పరిశోధకులు చివరికి దోషిని పట్టుకున్నారు. టైర్లు పగిలిపోకుండా కలిపే 6పీపీడీ అనే పదార్థం గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్‌గా మారి చేపలను చంపుతోందని 2020 డిసెంబరులో ప్రకటించారు. మూడేళ్లు తిరగకుండానే, 2023 అక్టోబరులో, కాలిఫోర్నియా ఆ టైర్లను నియంత్రణ కిందికి తెచ్చింది. ప్రత్యామ్నాయాలు వెతకాల్సిన బాధ్యత టైర్ల కంపెనీలపై పడింది. ఆ వెతుకులాటలో టాక్సికాలజిస్టు లేకుండా అడుగు ముందుకు పడదు. తాగునీటిలోని, ఏళ్ల తరబడి విచ్ఛిన్నం కాని పీఎఫ్ఏఎస్ రసాయనాల విషయంలోనూ ఇదే జరిగింది. వాటిలో రెండింటికి ట్రిలియన్‌లో (లక్ష కోట్లలో) 4 భాగాల పరిమితిని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ 2024లో విధించింది.

అయితే వార్తలన్నీ మంచివి కావు. 2025 జూలైలో ఈపీఏ తన పరిశోధన విభాగాన్నే ఎత్తివేస్తున్నట్టు ప్రకటించింది. అక్కడి ఫెడరల్ ఉద్యోగాలు మామూలుగా ఆ దేశ పౌరులకే కాబట్టి మన పిల్లలకు నేరుగా పోయేదేమీ లేదు అనిపించవచ్చు. కానీ అనుభవమున్న శాస్త్రవేత్తలు బయటికి వస్తే కంపెనీల్లో, కన్సల్టెన్సీల్లో పోటీ పెరుగుతుంది. కొత్తగా ఎం.ఎస్. పట్టాతో నిలబడే విదేశీ విద్యార్థి వాళ్లతో తలపడాలి. చదువయ్యాక సైన్స్ కోర్సుల వారికి ఏడాది, ఆపైన మరో రెండేళ్లు ఓపీటీ (విద్యార్థి వీసా మీదే ఉద్యోగం చేయనిచ్చే అనుమతి) మీద పనిచేసే వీలుంది. ఆ తర్వాత హెచ్-1బి. కొన్ని కొత్త దరఖాస్తులపై 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల రుసుము పెట్టారు. అక్కడే చదువుకుని వీసా హోదా మార్చుకునేవారికి అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చినా, విదేశీయులను తీసుకోవడానికి కంపెనీలు వెనకాడే వాతావరణం మాత్రం ఏర్పడింది. ఇన్ని అనిశ్చితుల మధ్య ఇల్లు తాకట్టు పెట్టమని నేను ఏ తండ్రికీ చెప్పలేను.

పీహెచ్‌డీ అయితే లెక్క వేరు. అప్పు ఉండదు, ఐదేళ్ల అనుభవం చేతికొస్తుంది, అక్కడ వద్దనుకుంటే తిరిగొచ్చినా ఆ పట్టాకు ఇక్కడ విలువ ఉంటుంది. ఇందులో ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. టాక్సికాలజీ విభాగాల వెబ్‌సైట్లలో ‘ట్రైనింగ్ గ్రాంట్’ అని గొప్పగా కనిపించే, అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్ ఇచ్చే నిధులు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికే ఇస్తారు. మీ అమ్మాయికి ప్రొఫెసర్ ప్రాజెక్టు నుంచో, టీచింగ్ అసిస్టెంట్‌షిప్ నుంచో డబ్బు రావాలి. కాబట్టి విభాగానికి పేరుందా లేదా అన్నదానికన్నా, ఫలానా ప్రొఫెసర్ దగ్గర వచ్చే ఏడాదికి నిధులున్నాయా లేదా అన్నదే తేల్చుకోవాల్సిన విషయం. ఆ ప్రశ్న సూటిగా అడగడం అక్కడ తప్పు కాదు.

ఈలోగా మన దేశంలోని తలుపులు కూడా తట్టించండి. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు, దానిపైన ఇంటి అద్దె భత్యం వస్తాయి. దాంతో 1965లో మొదలైన లక్నోలోని భారతీయ విషవిజ్ఞాన పరిశోధన సంస్థ ఐఐటీఆర్‌లోనే పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. దీన్ని రెండో రకం దారిగా చూడవద్దు. మన నీళ్లు, మన పొలాలు, మన పురుగుమందుల మీద పనిచేసేవాళ్లు మనకు చాలినంత మంది లేరు. ఏలూరు ఘటనే అందుకు సాక్ష్యం.

జువాలజీ పిల్లలకు ఉండే లోటు రెండు చోట్ల: స్టాటిస్టిక్స్, అనలిటికల్ కెమిస్ట్రీ. ‘ఆర్’ సాఫ్ట్‌వేర్‌లో మోతాదు-ప్రభావం గ్రాఫు తనంతట తాను గీయగలగాలి. నమూనాలో ఏ రసాయనం ఎంత ఉందో కొలిచే ఎల్‌సీ-ఎంఎస్ పరికరం ముందు కనీసం కొన్ని వారాలు కూర్చుని ఉండాలి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఇంకా ఖరారు కాకపోతే, మీకు కూతవేటు దూరంలో కొల్లేరు ఉంది. చుట్టూ చేపల చెరువులు, వరిపొలాలు, వాటి నుంచి వచ్చే నీళ్లు. ఆ బురదలో, చేపల్లో పురుగుమందుల అవశేషాల మీద నాలుగు నెలలు నిజాయతీగా చేసిన పని, వంద ఆన్‌లైన్ సర్టిఫికెట్లకన్నా ప్రొఫెసర్ల కళ్లకు ఆనుతుంది.

అమెరికాలో ఆగస్టు, సెప్టెంబరులో మొదలయ్యే పీహెచ్‌డీలకు దరఖాస్తు గడువు చాలాచోట్ల అంతకుముందు డిసెంబరు, జనవరి నెలల్లోనే ముగుస్తుంది. ప్రొఫెసర్లకు ఉత్తరాలు ఆగస్టు నుంచే వెళ్లాలి. ఒక్కొక్కరి ఇటీవలి పరిశోధన పత్రం ఒకటైనా చదివి, అందులో తనకు వచ్చిన సందేహాన్ని, కొల్లేరులో తాను చేసిన పనిని ఒక్క పేజీలో రాయమనండి. అందరికీ ఒకే ఉత్తరం పంపవద్దని గట్టిగా చెప్పండి.