పెన్‌డ్రైవ్ ఉంది కదా, ఫైలు పారేయొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. గుండెకు స్టెంట్ వేశారు. కొన్నాళ్లు నా దగ్గర, కొన్నాళ్లు తమ్ముడి దగ్గర ఉంటారు. ఎక్కడికి వెళ్లినా ఆయన వెంట లావుపాటి ఫైలొకటి ఉండాల్సిందే. ఈమధ్య తమ్ముడు ఆ కాగితాలన్నిటికీ ఫోన్‌తో ఫొటోలు తీసి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, నాన్నగారి తాళాల గుత్తికి తగిలించాడు. ‘ఏ అర్ధరాత్రి ఏమైనా డాక్టర్లకు ఇది చాలు, ఇక ఆ ఫైలు పారెయ్ అక్కా’ అంటున్నాడు. నాకేమో టెన్షన్‌గా ఉంది. పారేయొచ్చా డాక్టర్ గారూ?

జవాబు: పారేయకండమ్మా. అలాగని మీ తమ్ముణ్ని కోప్పడకండి. చాలామంది ‘చేద్దాం, చేద్దాం’ అంటూ వదిలేసే పని ఆయన కూర్చుని చేశాడు. నాకు పేచీ ఉన్నది ఆ ‘అర్ధరాత్రి’ అన్న మాటతోనే.

ఎమర్జెన్సీలోకి మనిషిని తీసుకురాగానే ఒకరు బీపీ చూస్తుంటారు, ఒకరు చేతికి సూది పెడుతుంటారు, ఇంకొకరు ఈసీజీ తీస్తుంటారు. అప్పుడు తాళాల గుత్తి నుంచి పెన్‌డ్రైవ్ ఊడదీసి, ఖాళీ కంప్యూటర్ వెతికి, ఏది ఏమిటో పేరు చూస్తే తెలియని ఫొటోలను ఒక్కొక్కటే తెరిచే తీరిక ఎవరికుంటుంది? ఉన్నా, చాలా ఆసుపత్రుల్లో బయటి పెన్‌డ్రైవ్ పెట్టనివ్వరు. వైరస్ భయం. అది ఉత్త భయం కాదు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ ఇంటర్నెట్‌కు కలపని కంప్యూటర్లలోకి సైతం పెన్‌డ్రైవ్‌ల ద్వారా పాకేలా తయారైన వైరస్. కాబట్టి రేపెప్పుడైనా కౌంటర్లో అమ్మాయి ‘పెన్‌డ్రైవ్ పెట్టం సార్’ అంటే ఆమెతో గొడవ పడొద్దని మీ తమ్ముడికి ఇప్పుడే చెప్పండి.

ఆ హడావుడిలో డాక్టర్లు అడిగేవి నాలుగైదు సంగతులే. ఏం జబ్బులున్నాయి, ఏం మందులు వాడుతున్నారు, ఏ మందు పడదు, ఒంట్లో ఏమైనా అమర్చారా, ఇంట్లో ఎవరికి ఫోన్ చెయ్యాలి. ఇవన్నీ ఒక్క కాగితంలో పడతాయి. మీ నాన్నగారి కాగితంలో మొదటి వరుస రక్తం పల్చబరిచే మాత్రలది. వాడుతున్న మాత్ర పేరు, మోతాదు, స్టెంట్ వేసిన తేదీ రాయండి. ఆ మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే స్టెంట్‌లో గడ్డ కట్టవచ్చు. వాడుతున్నారని తెలియకుండా ఆపరేషన్‌కు దిగితే రక్తం ఆగదు. రెండు వైపులా ప్రమాదమే, అందుకే అది అన్నిటికంటే ముందు కనబడాలి. షుగర్‌కు ఇన్సులిన్ తీసుకుంటుంటే ఆ సంగతి రెండో వరుసలో.

ఆ కాగితం పర్సులో ఉండాలి. అదే సమాచారం ఫోన్‌లోనూ నింపండి. ఐఫోన్‌లో ‘మెడికల్ ఐడీ’, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ‘ఎమర్జెన్సీ ఇన్ఫర్మేషన్’ అని ఉంటుంది. లాక్‌లో ఉన్నా కనబడేలా ఆప్షన్ పెట్టుకుంటే, పాస్‌వర్డ్ తెలియనివాళ్లు కూడా చూడగలరు.

అన్నట్టు, చాలామంది ఇలాంటి కాగితం పైన బ్లడ్ గ్రూపు పెద్ద అక్షరాలతో రాస్తారు. రాసుకుంటే తప్పు లేదు గానీ, అది చూసి ఎవరూ రక్తం ఎక్కించరు. మళ్లీ పరీక్ష చేసి, ఎక్కించబోయే రక్తంతో సరిపోతుందో లేదో కలిపి చూసుకునే ఎక్కిస్తారు. అంత టైమ్ కూడా లేకపోతే ‘ఓ’ (O) గ్రూపు రక్తం ఇస్తారు. ఆ జాగా మందుల పేర్లకు ఇవ్వండి.

మరి పెన్‌డ్రైవ్ ఎందుకంటారా? గండం గడిచాక, మర్నాడు కొత్త డాక్టర్ కుర్చీ లాక్కుని కూర్చుని ‘పాతవేమైనా ఉన్నాయా’ అని అడుగుతాడు చూడండి, అప్పటికి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6 వచ్చిందనుకోండి. పోయినేడాదీ 1.6 ఉంటే ఆయన తీరిగ్గా ఆలోచిస్తాడు. ఆరు నెలల కింద 0.9 ఉండి ఇప్పుడు 1.6 అయితే మందులన్నీ మళ్లీ మొదటి నుంచి చూడాలి. ఈసీజీ కూడా అంతే. అందులో కనిపించే తేడా పాతదా, రాత్రి వచ్చిందా అన్నది పాత ఈసీజీ పక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది.

ఇక స్కానింగుల దగ్గరికి వస్తాను. నేను రేడియాలజిస్టుని, రోజంతా వాటి ముందే కూర్చుంటాను, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువే మాట్లాడతాను. మీ తమ్ముడు సీటీ ఫిల్మును కిటికీకి అడ్డం పెట్టి ఫొటో తీసి ఉంటే, ఆ ఫొటో నాకు దాదాపు దండగ. సీటీ బొమ్మలో ప్రతి చుక్క వెనకా ఒక అంకె ఉంటుంది. గాలికి మైనస్ 1000, నీళ్లకు సున్నా, గట్టి ఎముకకు వెయ్యికి అటూ ఇటూ. అన్ని ఛాయలు కన్ను ఒకేసారి పట్టలేదు. అందుకని మేం కంప్యూటర్లో ఊపిరితిత్తులకు ఒక రేంజ్, ఎముకకు ఒక రేంజ్ పెట్టుకుని, అదే బొమ్మను మార్చి మార్చి చూస్తాం. నల్లగా కనిపించిన చోట రేంజ్ మార్చగానే సన్నటి రక్తనాళాలు తేలతాయి. మామూలు ఫొటోలో ఆ అంకెలు ఉండవు. నలుపు నలుపే, తెలుపు తెలుపే. వాట్సాప్‌లో పంపితే ఇంకాస్త నలిగిపోతుంది.

యాంజియోగ్రామ్ సంగతి మరీను. అది రక్తనాళాలు కనబడేలా వాటిలోకి ఒక మందు ఎక్కించి తీసే కదిలే బొమ్మ. ఆ మందు నాళంలో ఎక్కడ జోరుగా పోతోంది, ఎక్కడ ఆగి ఆగి పోతోంది అన్నదే అందులో అసలు సంగతి. దానికి ఒక ఫొటో తీసి చూపించడం సినిమా చూపించమంటే పోస్టర్ చూపించినట్టు.

కాబట్టి స్కానింగ్ సీడీ ఉంటే అందులో ఉన్నదంతా ఉన్నట్టే ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేయమనండి. తెరిచి చూస్తే చివర ఏ అక్షరాలూ లేని వింత ఫైళ్లు గుట్టగా ఉంటాయి, పక్కన ‘డైకామ్‌డిర్’ అని ఒకటి ఉంటుంది. పనికిరాని చెత్త అనుకుని వాటిని తీసేసి, రిపోర్టు పీడీఎఫ్ ఒక్కటే దాచుకునేవాళ్లు ఉన్నారు. ఆ చెత్తే స్కానింగ్! డైకామ్ అంటే ఏ కంపెనీ మెషీన్‌లో తీసినా వేరే చోట తెరుచుకునేలా పెట్టుకున్న పద్ధతి. 1993 నుంచి ఆ పేరుతో నడుస్తోంది. లోపలి ఫైళ్ల పేర్లు మార్చొద్దు. వాటి జాబితా ఆ డైకామ్‌డిర్‌లో ఉంటుంది, పేరు మారిస్తే లంకె తెగుతుంది. బయటి ఫోల్డర్‌కు మాత్రం మీకిష్టమైన పేరు పెట్టుకోండి. జాగా సరిపోతుందో లేదో అని బెంగ వద్దు. ఒక్కో సీటీ బొమ్మ అర ఎంబీ, 600 బొమ్మలున్నా 300 ఎంబీ.

కాగితాలకైతే ఫోన్‌లో స్కానింగ్ యాప్‌తో పీడీఎఫ్ చేసి, పేరు ముందు తేదీ పెట్టండి, సంవత్సరం మొదట వచ్చేలా. ‘2024-03-17 ఈసీజీ’, ‘2024-09-02 డిశ్చార్జ్ సమ్మరీ’ అని రాస్తే వాటంతటవే వరుసలో కూర్చుంటాయి. నేను చెప్పిన ఆ ఒక్క కాగితాన్ని కూడా ‘00 ముందు ఇది చూడండి’ అని పెడితే అన్నిటికంటే పైన ఉంటుంది. ఎప్పుడో జలుబుకు రాసిన చీటీలు ఎక్కించకండి. డాక్టర్ ఓపిక ఐదో ఫైలు దగ్గరే అయిపోతుంది.

తాళాల గుత్తి ఆలోచన మాత్రం నాకు బొత్తిగా నచ్చలేదు. అవి పోతే పెన్‌డ్రైవూ పోతుంది. దొరికినవాళ్లు ఊరుకుంటారా? 2016లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధకులు 297 పెన్‌డ్రైవ్‌లు కావాలనే అక్కడక్కడా పడేసి చూస్తే, దాదాపు సగం వాటిని ఎవరో ఒకరు కంప్యూటర్‌కు పెట్టి లోపలి ఫైళ్లు తెరిచారు. చెడ్డ ఉద్దేశంతోనే చేశారని కాదు, ఎవరిదో తెలుసుకుందామని కూడా పెడతారు. అయినా మన జబ్బుల చిట్టా వాళ్లకెందుకు? డైకామ్ ఫైళ్ల లోపల పేరు, పుట్టిన తేదీ కూడా ఉంటాయి.

అయితే పెన్‌డ్రైవ్ మొత్తానికి పాస్‌వర్డ్‌తో తాళం వేస్తే ఇంకో చిక్కు. పెన్‌డ్రైవ్ మొత్తాన్ని లాక్ చేసే సాఫ్ట్‌వేర్లు కొన్ని విండోస్‌లో తెరుచుకుని మాక్‌లో మొరాయిస్తాయి, కొన్ని ఎదుటివాళ్ల కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేస్తే తప్ప తెరుచుకోవు. ఆసుపత్రి కంప్యూటర్లో అది జరిగే పని కాదు. నన్నడిగితే, బయటికి తెలియకూడదు అనుకునే రిపోర్టులను పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్‌లుగా చేసి, ఆ పాస్‌వర్డ్ మీకూ తమ్ముడికీ ఇద్దరికీ తెలిసేలా ఉంచండి. స్కానింగులను తాళం లేకుండా వదిలేయండి. మొదటి కాగితంలో ఇంటి అడ్రస్, బ్యాంకు, ఇన్సూరెన్స్ నంబర్లు రాయకండి. ఇంతకంటే గట్టి కాపలా పెడితే ముందు ఇబ్బంది పడేది మీ డాక్టరే.

ఇంకొకటి. పెన్‌డ్రైవ్ శాశ్వతం కాదు. అందులో సమాచారం సన్నటి అరల్లో విద్యుదావేశంగా నిలుస్తుంది. ఏళ్ల తరబడి వాడకుండా పడేస్తే అది మెల్లగా కారిపోవచ్చు. అంచేత ఇంట్లో ఇంకో కాపీ ఉంచండి. అప్పుడప్పుడు పెట్టి చూడండి, అది కూడా మీది కాని కంప్యూటర్లో. మన కంప్యూటర్లో తెరుచుకోవడం పెద్ద పరీక్షేమీ కాదు.

ఇక ఫైలు. రెండు ముక్కలు చేయండి. నాన్నగారితో తిరిగేది పలచగా ఉండాలి: ఆ ఒక్క కాగితం, ఆఖరి డిశ్చార్జ్ సమ్మరీ, తాజా ఈసీజీ, స్టెంట్ వేసినప్పుడు ఇచ్చిన కార్డు జిరాక్స్. ఎమ్మారై తీసే ముందు ఒంట్లో ఏముందని అడుగుతారు, ఆ కార్డు అప్పుడు పనికొస్తుంది. మిగతా కాగితాలు, అసలు సీడీలు, అసలు కార్డు మీ బీరువాలో.

ప్రశ్న: అన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి, పెన్‌డ్రైవ్ పాతకాలపు వ్యవహారం అంటున్నాడు మా అబ్బాయి. నిజమేనా?

జవాబు: రెండో కాపీకి క్లౌడ్ చాలా మంచిది. కానీ అది అబ్బాయి అకౌంట్లో, అబ్బాయి ఫోన్‌కు వచ్చే ఓటీపీతో తెరుచుకునేదైతే, ఆయన విమానంలో ఉన్న పూట మీ రిపోర్టులూ విమానంలో ఉన్నట్టే. మీ చేతిలోనూ ఒక కాపీ ఉంచుకోండి.

ప్రశ్న: మా ఆవిడ బయాప్సీ రిపోర్టు పెన్‌డ్రైవ్‌లో భద్రంగా ఉంది. సెకండ్ ఒపీనియన్‌కు వెళ్తున్నాం. అది చాలా?

జవాబు: చాలదండి. రిపోర్టు అంటే ఒంట్లోంచి తీసిన ముక్కను ఒక పాథాలజిస్టు మైక్రోస్కోపులో చూసి రాసిన మాట. రెండో ఆయన తన కళ్లతో చూడాలంటే గాజు స్లైడ్లు కావాలి. కొత్త పరీక్షలేమైనా చేయాలంటే ఆ ముక్కను మైనంలో పోసి ఉంచిన బ్లాక్ కావాలి. బయాప్సీ చేసిన ల్యాబ్‌లో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, ఎన్ని స్లైడ్లు, ఎన్ని బ్లాకులు ఇచ్చారో రసీదు మీద రాయించుకోండి. చూపించాక తిరిగి అదే ల్యాబ్‌లో అప్పజెప్పండి. బ్లాక్‌ను ఎండలో, కారు డాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి, మైనం కరుగుతుంది.