ఫుల్ మారథాన్‌కి పేరిచ్చావటగా

బుజ్జీ,

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి పేరిచ్చావని నిన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. హాఫ్ కూడా కాదట, ఏకంగా 42 కిలోమీటర్లు! ఫోన్ పెట్టేసి, పాలు తెచ్చే వంకతో వీధిలో ఇద్దరికి చెప్పి వచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నీ ఉద్యోగం పోయిన నెలకే ఈ ఆలోచన రావడం నాకెందుకో గుబులుగా ఉందమ్మా. విసుక్కోకుండా చదువు.

బూట్లు అర సైజు పెద్దవి కొనుక్కో. ఆదివారం పెద్ద పరుగు పక్కవాళ్లతో కబుర్లు చెప్పగలిగేంత నెమ్మదిగా సాగాలి. ఆగస్టు ఉక్కలో, ఆ ఫ్లైఓవర్ల ఎత్తుల మీద వాచీ చూసుకుని ఏడవకు. మిగతావన్నీ నీ ఫోన్‌లోనే దొరుకుతాయి.

దొరకనిది ఒకటుంది. తాతయ్య పోయినప్పుడు నీకు ఆరేళ్లు. పెద్దకొడుకుని కదా, ఆసుపత్రి బిల్లు దగ్గర్నుంచి పెద్దకర్మ భోజనాల దాకా అన్నీ నేనే చూసుకున్నాను, కంట్లో చుక్క నీరు రాలేదు. ఆ కార్యక్రమాలు అయ్యాయో లేదో తెల్లవారుజామున నాలుగున్నరకే మన వైజాగ్ బీచ్ రోడ్డెక్కాను. అప్పటిదాకా వారానికి 30 కిలోమీటర్లు పరిగెత్తేవాణ్ణి, నెల తిరిగేసరికి 70 చేశాను. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర మొదలుపెట్టి, టెన్నేటి పార్కు ఎత్తుకి వచ్చేసరికి ఊపిరాడనంత గట్టిగా లాగించేవాణ్ణి, ఎందుకంటే ఆ రెండు నిమిషాలూ నాన్న గుర్తొచ్చేవారు కాదు. అదే మనోబలం అనుకున్నాను, వెర్రివాణ్ణి.

కుడికాలి ముందెముక మీద రూపాయి బిళ్లంత చోట నొప్పి మొదలైంది. మొదట పరిగెత్తితేనే, తర్వాత నడిచినా, చివరికి పడుకున్నా. పెద్దమ్మ కంట పడకుండా ప్యాంటు లోపల క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని ఆఫీసుకి వెళ్లేవాణ్ణి. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు, ఇంకేం, మరీ రెచ్చిపోయాను. అలాంటి సన్నటి పగుళ్లు మొదట్లో ఎక్స్‌రేకి చాలాసార్లు అందవని ఎమ్మారై తీశాక గాని తెలియలేదు.

ఒక ఆదివారం ఋషికొండ నుంచి తిరిగొస్తూ సాగర్‌నగర్ దగ్గర కాలు కింద మోపలేకపోయాను. ఆటో ఎక్కాను. ఆటో అతను అద్దంలోంచి చూసి “కాలు బాగా నొప్పా సార్?” అన్నాడు. “మా నాన్న పోయారు” అన్నాను. నాన్న పోయి అప్పటికి మూడు నెలలు. పాపం అతను ఇంటిదాకా మళ్లీ మాట్లాడలేదు.

రెండు నెలలు పరుగు బంద్. ఆ రెండు నెలలూ నాన్న పడక్కుర్చీలో కూర్చుని, చెయ్యాల్సిన ఏడుపంతా చేశాను.

నిన్ను మానేయమనడం లేదు. పరుగు మానేసిన రోజు నీకు చిరాకొస్తోందా, భయమేస్తోందా చూసుకో. చిరాకైతే అందరికీ ఉండేదే, ఇంకో ఇడ్లీ తిని పడుకో. భయమేస్తే మాత్రం నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే. పరుగు మధ్యలో ఏడుపొస్తే ఆగి ఏడువు, యాప్‌లో ఆ నాలుగు నిమిషాలు పోతే పోనీ. ఇంకోటి, 30 కిలోమీటర్లు దాటాక ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం అడుగంటుతుంది, అప్పుడు బుర్రలోకి దిక్కుమాలిన ఆలోచనలన్నీ వస్తాయి, నేనెందుకూ పనికిరాను, ఆఫీసువాళ్లు తీసేసింది కరెక్టే అని కూడా అనిపించొచ్చు. అది ఆకలి మాట. గుక్కెడు నీళ్లు, ఏదైనా తీపి పడగానే సగం నోరు మూస్తుంది. ఆఖరి రెండు మూడు వారాలు దూరం తగ్గించినప్పుడు లేని నొప్పులన్నీ పుట్టుకొచ్చినట్టుంటుంది, ఆ టెన్షన్‌లో లెక్క తప్పిందని ఇంకో పెద్ద పరుగు పెట్టావో, నేనే హైదరాబాద్ వచ్చి బూట్లు దాచేస్తాను.

కానీ ఒక్కచోటే, వేలు పెట్టి చూపించగలిగే నొప్పి ఎముక మీద వస్తే ఆ రోజే ఆగిపో. మీ అమ్మకి చెప్పు. నాలాగా దాచకు తల్లీ.

పెద్దమ్మ నువ్వుండలు పంపుతోంది, పరుగుకి ముందు తినకు, కడుపు పట్టేస్తుంది. ఆగస్టుకి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్లు తియ్యమని పొద్దుట్నుంచి నా ప్రాణం తీస్తోంది, రిజర్వేషన్ ఇంకా తెరవలేదే అంటే వినదు.

పెదనాన్న