రెసిన్ మీద ఇంద్రధనుస్సు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే విషయం మీద. రెసిన్ (పోశాక గట్టిపడే ద్రవం) బిళ్ల ముఖం మీద హోలోగ్రాఫిక్ మెరుపు రావాలంటే మోల్డ్ (అచ్చు) అడుగున పరిచే పల్చటి సిలికాన్ ఇన్లే కావాలి కదా, దాన్ని ఇంట్లోనే ఎలా పోసుకోవాలి, పోశాక వచ్చే తిప్పలేమిటి అని. ఒకే ప్రశ్న చాలామంది అడిగిన చోట వివరంగా రాసినవారి ఉత్తరం తీసుకున్నాను. మిగతావారు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: అక్కా, నేను కీచైన్లు, బుక్‌మార్కులు చేస్తుంటాను. హోలో ఇన్లే కొనకుండా సొంతంగా చేసుకోవాలని ఉంది. ఏ షీట్ తీసుకోవాలి, సిలికాన్ ఎలా పోయాలి? మొదటి నుంచి చెప్పండి.

జవాబు: ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి చెల్లీ. ఆ మెరుపులో రంగు అనే పదార్థమే లేదు. షీట్ మీద మిల్లీమీటరుకు 500 నుంచి 1000 దాకా సన్నని గీతలు అచ్చయి ఉంటాయి. వెలుగు వాటి మీద పడి ఒక్కో రంగు ఒక్కో కోణంలో బయటికి వస్తుంది. మిల్లీమీటరుకు 1000 గీతలున్న షీట్ మీద వెలుగు నిటారుగా పడితే ఊదా దాదాపు 24 డిగ్రీల దగ్గర, ఎరుపు 40 డిగ్రీల దగ్గర కనిపిస్తాయి. బిళ్లను కాస్త వంచగానే రంగు మారేది అందుకే. సిలికాన్ ఈ గీతల్ని పొల్లు పోకుండా అచ్చు తీస్తుంది, ఆ సిలికాన్ నుంచి రెసిన్ మళ్లీ అచ్చు తీసుకుంటుంది. గాడి ఉన్న చోట గట్టు వచ్చినా రంగులకు తేడా రాదు. నేను చాలాకాలం ఫిజిక్స్ ల్యాబ్‌లో పిల్లల చేత ప్రాక్టికల్స్ చేయించాను. అక్కడ స్పెక్ట్రోమీటర్ మీద పెట్టే గ్రేటింగ్ (సన్నని గీతలున్న పలక) కూడా నేరుగా గీసింది కాదు, ఇలా అచ్చు తీసిన నకలే. దాని మీద అంగుళానికి 15,000 గీతలని రాసి ఉండేది.

షీట్ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. గిఫ్ట్ పేపర్లు, స్టిక్కర్లు ఎంత మెరిసినా చాలావాటిలో గీతలు పైన ఉండవు, పారదర్శకమైన పొర కింద దాక్కుని ఉంటాయి. వాటి మీద సిలికాన్ పోస్తే నున్నటి సిలికాన్ ముక్కే వస్తుంది. గీతలు బయటికి ఉన్న డిఫ్రాక్షన్ గ్రేటింగ్ ఫిల్మ్ అని అడిగి తీసుకోండి. పారదర్శకమైన ఫిల్మ్ అయితే గీతలు ఏ వైపు ఉన్నాయో తేలిగ్గా తెలుసుకోవచ్చు. ఒక మూల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క వేయండి. తడి ఉన్నంతసేపు అక్కడ రంగులు వెలిసిపోయి, ఆరగానే తిరిగొస్తే గీతలు ఆ వైపే ఉన్నట్టు. వెండి పూత ఉన్న షీట్లకు ఈ పరీక్ష పనికిరాదు. వాటి మీద ఓ మూల చెంచాడు సిలికాన్ పోసి, గట్టిపడ్డాక తీసి చూడటమే.

ఇక పోయడం. దళసరి గాజు పలక గానీ అక్రిలిక్ పలక గానీ తీసుకుని స్పిరిట్ లెవెల్ పెట్టి సమతలం చూసుకోండి. పలక మీద సబ్బునీళ్లు నాలుగు చుక్కలు వేసి, ఫిల్మ్‌ను గీతల వైపు పైకి ఉండేలా పరిచి, పైన మెత్తటి కాగితం వేసి పాత కార్డు ముక్కతో నీటిని అంచులకు నెట్టేయండి. ముడత ఒక్కటి మిగిలినా అదీ అచ్చు పడుతుంది. సిలికాన్ కొన్నిసార్లు ఉత్త గాజుకు అతుక్కుంటుంది కాబట్టి ఫిల్మ్ పలక అంతా కప్పేలా ఉండాలి. దుమ్మును గుడ్డతో తుడవద్దు, గాలి బుడ్డితో ఊదండి. చుట్టూ 1 మి.మీ. ఎత్తు కట్ట కట్టండి.

సిలికాన్ విషయానికొస్తే ప్లాటినం సాయంతో గట్టిపడే రకం, షోర్ ఎ అనే గట్టిదనం కొలత మీద 30 దరిదాపుల్లో ఉన్నది నాకు నచ్చుతుంది. 10 ఉన్నది మరీ మెత్తన, పల్చగా పోస్తే సాగి ముడుచుకుంటుంది. 10 సెం.మీ. చదరానికి 1 మి.మీ. మందం కావాలంటే 10 మి.లీ., అంటే సుమారు 11 గ్రాములు పడుతుంది. గిన్నెకు అంటుకుపోయేది కలుపుకుని 15 గ్రాములు కలపండి. పాళ్లు డబ్బా మీద రాసినట్టే, 0.1 గ్రాము చూపించే త్రాసుతో తూచండి. నిదానంగా, గిన్నె గోడల్ని గీకుతూ కలపాలి. కలిపాక ఇంకో గిన్నెలోకి ఒంపి మరోసారి కలిపితే అడుగున కలవకుండా మిగిలింది కూడా కలిసిపోతుంది. వాక్యూమ్ ఉంటే బుడగలు లాగేయండి. లేకపోతే ఒక మూల నుంచి, కాస్త ఎత్తు నుంచి, దారంలా సన్నగా పోసి దానంతట దాన్ని పాకనివ్వండి. బ్రష్ వాడొద్దు, ఫిల్మ్ మీద గీరుకుపోతుంది. అచ్చు తేలిగ్గా ఊడాలని కొట్టే రిలీజ్ స్ప్రే అసలే వద్దు. నాకు ఆ స్ప్రే అంటేనే పడదు, ఆ పొర వెళ్లి కూర్చునేది సరిగ్గా గీతల్లోనే.

గట్టిపడటానికి డబ్బా మీద రాసిన సమయం కంటే కొంత ఎక్కువే ఇవ్వండి. తొందరపడి వేడి పెడితే ఫిల్మ్ ఉబ్బుతుంది. తీసేటప్పుడు మూల పట్టుకుని నిటారుగా పైకి లాగకుండా, వెనక్కి మడిచినట్టు పలకకు దగ్గరగా లాగండి. తీశాక ఒక్క బల్బు వెలిగించి, ఇన్లేను దాని ఎదుట పట్టుకుని అటూ ఇటూ వంచండి. సిలికాన్ ముక్క మీదే రంగులు పారుతూ కనిపించాలి. ఎక్కడైనా గుండ్రంగా మసక మచ్చ ఉంటే అక్కడ బుడగ ఉండిపోయిందన్న మాట. ఆ చోటు వదిలేసి, మిగతాది బ్లేడుతో మీకు కావాల్సిన ఆకారంలో కోసుకోండి.

ప్రశ్న: మోల్డ్‌లోంచి తీసినప్పుడు రంగులు అదిరిపోయాయి. గీతలు పడతాయేమోనని పైన పల్చగా రెసిన్ కోటింగ్ ఇచ్చాను. తెల్లారేసరికి మెరుపు మొత్తం మాయం! రెసిన్ కల్తీదా మేడమ్?

జవాబు: రెసిన్ తప్పేమీ లేదండీ. గరుకు గాజు మీద నీళ్లు పోస్తే అది తేటగా అయిపోవడం చూసే ఉంటారు. ఇక్కడ జరిగిందీ అదే, ఇంకా గట్టిగా జరిగింది. గీతల్లో గాలి ఉన్నంతవరకే రంగులు. మనం పోసే ఎపాక్సీ రెసిన్ వక్రీభవన గుణకం, అంటే వెలుగును ఎంత వంచుతుందనే కొలత, 1.5కు కాస్త అటూ ఇటూ ఉంటుంది, కింద ఉన్నదీ పైన పోసిందీ ఒకటే పదార్థం. గీతలు నిండిపోయాక వెలుగుకు అక్కడ గీత ఉందన్న సంగతే తెలియదు. వార్నిష్ వేసినా ఇదే కథ. ఇసుక కాగితంతో రుద్దితే పై పూతతో పాటు గీతలూ పోతాయి, కాబట్టి ఆ బిళ్లను మామూలు బిళ్లగానే వాడుకోండి.

హోలో ముఖం ఎప్పుడూ గాలికి తెరిచే ఉండాలి. మీరు కోటింగ్‌తో చేయాలనుకున్న పనిని ఇన్లే మందమే చేసిపెడుతుంది. మోల్డ్ అడుగున 1 మి.మీ. ఇన్లే పెడితే బిళ్ల ముఖం మీద ఆ మేర 1 మి.మీ. లోతు పల్లం వస్తుంది. బల్ల మీద బోర్లా పెట్టినా చుట్టూ ఉన్న గట్టే తగులుతుంది, డిజైన్ రాసుకోదు. ఈ పల్లం లోపమనుకుని దాన్ని ఎలా పోగొట్టాలని ఇంకో పాఠకురాలు రాశారు. నన్నడిగితే ఉంచుకోమంటాను. అంతగా వద్దనుకుంటే ఇన్లే అర మిల్లీమీటరు మందంలో పోయండి.

పైన రెసిన్ ఉండి తీరాలంటే దారి వేరు: వెండి పూత ఉన్న హోలో ఫిల్మ్ ముక్కను రెసిన్ లోపల పొదగడం. అక్కడ గీతల మీద లోహం ఉంటుంది, రెసిన్ కప్పినా వెలుగు ఆ లోహం మీద పడి వెనక్కి వస్తుంది.

అన్నట్టు, వేలిముద్ర నూనె కూడా ఓ పల్చటి కోటింగే. బిళ్ల మసకబారితే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క, గోరువెచ్చని నీళ్లు చాలు. మెత్తగా కడిగి గాలికి ఆరనివ్వండి. “అంచులు పట్టుకోండి, ముఖం ముట్టుకోవద్దు” అని ల్యాబ్‌లో పిల్లలకు చెప్పీ చెప్పీ నా గొంతు అరిగింది. ఇప్పుడు మీ వంతు.

ప్రశ్న: రెండు రోజులైనా సిలికాన్ జిగటగానే ఉంది. ఇంకో వారం ఆగనా? చాలా డబ్బు పోసి కొన్న సిలికాన్, టెన్షన్‌గా ఉంది.

జవాబు: జిగట ఎక్కడుందో రాయలేదు మీరు, అదే అసలు సంగతి. ముద్ద అంతటా జిగటగా ఉంటే పాళ్లు తప్పాయి, లేదా సరిగా కలవలేదు. లోపల బాగా గట్టిపడి, ఏదో ఒకదానికి తగిలిన వైపు మాత్రమే జిగట ఉంటే ఆ తగిలిన వస్తువే ప్లాటినాన్ని పనిచేయనివ్వలేదు. గంధకం, తగరం, అమీన్లు దీనికి బద్ధ శత్రువులు. లేటెక్స్ గ్లోవ్స్, గంధకం ఉన్న మోడలింగ్ క్లే, పూర్తిగా ఆరని యూవీ రెసిన్ (అతినీలలోహిత వెలుగుతో గట్టిపడేది) సాధారణంగా దొరికిపోయే దొంగలు. మీరు కట్ట దేనితో కట్టారో చూసుకోండి. నైట్రైల్ గ్లోవ్స్ వాడండి, గంధకం లేని క్లే తీసుకోండి. వారం ఆగినా ఆ జిగట గట్టిపడదు, పారేయాల్సిందే. కొత్త షీట్ గానీ కొత్త క్లే గానీ తెచ్చినప్పుడు ముందు చిన్న ముక్క మీద పోసి చూస్తే ఇంత సిలికాన్ వృథా కాదు.

ప్రశ్న: ఇంట్లో పాత సీడీలు, డీవీడీలు గుట్టగా ఉన్నాయి. వాటి మీద సిలికాన్ పోశాను కానీ ఏమీ రాలేదు. గీతలున్నాయి అంటారుగా?

జవాబు: ఉన్నాయి తమ్ముడూ, మీరు పోసింది రెండో వైపు. సీడీ 1.2 మి.మీ. మందం పాలీకార్బొనేట్. మనకు మెరుస్తూ కనిపించే వైపు నున్నగానే ఉంటుంది. గీతలు లేబుల్ వైపు, వార్నిష్, లోహపు పూత కింద ఉంటాయి. లేబుల్ మీద అంచు దగ్గర బ్లేడుతో గీరి, గట్టి టేప్ అతికించి లాగండి. లోహం పొరలు పొరలుగా ఊడి వస్తుంది. కింద తేలేదే మనకు కావాల్సిన ముఖం. రికార్డ్ చేసుకునే సీడీ అయితే రంగు పూత మిగులుతుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగేయండి. అసిటోన్ జోలికి మాత్రం పోవద్దు, పాలీకార్బొనేట్ తెల్లబడి పాడవుతుంది.

డీవీడీ ఇంకా బాగుంటుంది. అది 0.6 మి.మీ. పలకలు రెండు అతికించి చేసినది. అంచులో బ్లేడు దూర్చి జాగ్రత్తగా తిప్పితే రెండుగా విడిపోతుంది, గీతలు లోపలి వైపు ఉంటాయి. సీడీలో వరసకూ వరసకూ మధ్య 1.6 మైక్రాన్లు, డీవీడీలో 0.74. గీతలు దగ్గరయ్యేకొద్దీ రంగులు ఎడంగా విచ్చుకుంటాయి. ఒకటి గుర్తుంచుకోండి, ఇవి గుండ్రంగా తిరిగే గీతలు కాబట్టి రంగులు మధ్య నుంచి ఆకుల్లా విప్పుకున్నట్టు వస్తాయి. గుండ్రటి కోస్టర్‌కు అందం, పొడుగాటి బుక్‌మార్క్‌కు అంతగా నప్పదు.

ప్రశ్న: ఇన్లే కొన్నాళ్లు బాగా పనిచేసి తర్వాత మొద్దుబారింది. కడిగినా మెరుపు రావడం లేదు.

జవాబు: దానికి వయసైపోయింది. పోసిన ప్రతిసారీ రెసిన్ సిలికాన్‌ను కొద్దికొద్దిగా తింటుంది. ఒకేసారి మందంగా పోస్తే పుట్టే వేడి, గబగబా గట్టిపడే యూవీ రెసిన్ దాన్ని ఇంకా తొందరగా ముసలిదాన్ని చేస్తాయి. అందుకే కొత్త ఇన్లేతో మొట్టమొదట పోసే బిళ్లను ఎవరికీ ఇవ్వకండి, అదే మీ మాస్టర్. రెసిన్ పూర్తిగా గట్టిపడి వాసన పోయాక దాని మీద సిలికాన్ పోసి మళ్లీ మళ్లీ ఇన్లేలు తీసుకోవచ్చు. పాత సిలికాన్ ఇన్లే మీదే కొత్త సిలికాన్ పోసి నకలు తీద్దామనుకోకండి, రెండూ ఒకటైపోయి విడిపోవు.

ప్రశ్న: మా పదేళ్ల పాప కూడా చేస్తానంటోంది. చేయించవచ్చా పిన్నిగారూ?

జవాబు: ఫిల్మ్ పరచడం, సిలికాన్ తూచి కలపడం మీ పక్కన కూర్చుని చేయనివ్వండి. ఎపాక్సీ మాత్రం వద్దు. చర్మానికి దాని ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే జీవితాంతం వదలకపోవచ్చు. పెద్దవాళ్లయినా గ్లోవ్స్ వేసుకుని, కిటికీలు తెరుచుకునే పోయాలి.

ప్రశ్న: ఇన్లే కిందికి రెసిన్ పాకి, అంచుల్లో రేకులా అతుక్కుంటోంది.

జవాబు: రెండింటి మీదా దుమ్ము ఉంటే అంతే. మోల్డ్ అడుగునూ, ఇన్లే వెనక వైపునూ పారదర్శక టేప్‌తో అద్ది దుమ్ము లాగేయండి. మధ్య నుంచి అంచులకు నొక్కుతూ పరిస్తే సిలికాన్‌కు సిలికాన్ దానంతటదే పట్టుకుంటుంది. ఎప్పటికీ అదే మోల్డ్‌లో ఉంచేసేదైతే వెనక పచ్చి సిలికాన్ పల్చగా రాసి అతికించేయండి.

ప్రశ్న: తెల్ల రెసిన్‌తో పోశాను. మెరుపు ఉందా లేదా అన్నట్టుంది. ఫోటోలో అయితే అసలే రావడం లేదు.

జవాబు: తెలుపు వెలుగునంతా అన్ని వైపులకూ చిమ్మేస్తుంది, ఆ తెల్లదనంలో మన సన్నటి రంగులు కొట్టుకుపోతాయి. నలుపు, ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ రెసిన్‌తో పోయండి, అదే ఇన్లేతో తేడా మీకే తెలుస్తుంది. ఫోటో తీసేటప్పుడు ట్యూబ్‌లైట్ ఆపేయండి. పొడుగాటి వెలుగులో రంగులు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి. ఒక్క చిన్న ఎల్‌ఈడీ గానీ, కిటికీలోంచి నేరుగా పడే ఎండ గానీ ఉంటే చాలు. కెమెరాను కదపకుండా బిళ్లను తిప్పుతూ, రంగు పట్టిన కోణంలో నొక్కండి.