మ్యుటేషన్ ఉందంటే జబ్బు ఉన్నట్టేనా? దెబ్బతిన్న డీఎన్‌ఏని కణం ఎలా బాగుచేసుకుంటుంది?

మీరు అడిగినవి మూడు: జన్యు పరీక్షలో మ్యుటేషన్ కనిపిస్తే జబ్బు ఉన్నట్టేనా, దెబ్బతిన్న డీఎన్‌ఏని కణం తనంతట తానే బాగుచేసుకోగలదా, ఆ రిపేర్‌ని మాత్రలు వేసుకుని పెంచుకోవచ్చా. మొదటిదానికి జవాబు కాదు అని, రెండోదానికి అవును అని, మూడోదానికి డబ్బు దండగ అని. నేను మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేశాను. కొన్నేళ్లుగా క్యాన్సర్ జన్యు పరీక్షలు చేసే ల్యాబ్‌లో రిపోర్టులు తయారుచేసే పనిలో ఉన్నాను. డాక్టర్ని మాత్రం కాను, అది గుర్తుపెట్టుకుని చదవండి.

ముందు ఒక తేడా చెప్పాలి. ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. డీఎన్‌ఏకి తగిలిన దెబ్బ వేరు, మ్యుటేషన్ వేరు. డీఎన్‌ఏలోని నాలుగు క్షారాల్లో, అంటే కోడ్ రాసే అక్షరాల్లాంటివాటిలో, సైటోసిన్ ఒకటి. డీఎన్‌ఏ రెండు పోచలుగా ఉంటుంది, ఒక పోచలో సైటోసిన్ ఉంటే ఎదురు పోచలో గ్వానిన్, అడినిన్ ఉంటే ఎదురుగా థైమిన్ జత కడతాయి. సైటోసిన్ ఏ రేడియేషనూ తగలకుండానే, కణంలోని నీటితో చర్య జరిగి అప్పుడప్పుడు యురాసిల్‌గా మారిపోతుంది. యురాసిల్ ఆర్‌ఎన్‌ఏలో ఉండాల్సింది, డీఎన్‌ఏలో దానికి చోటు లేదు. అందుకే కాపలా తిరిగే ఎంజైమ్ దాన్ని చూడగానే పరాయిదని పట్టేస్తుంది, కోసి తీసేస్తుంది. ఎదురు పోచలో గ్వానిన్ ఉంది కాబట్టి, ఖాళీ అయిన చోట మళ్లీ సైటోసినే పెట్టాలని కణానికి తెలుసు. ఇక్కడిదాకా జరిగింది దెబ్బ, దానికి రిపేర్.

అదే, ఎంజైమ్ వచ్చేలోపే కణం తన డీఎన్‌ఏని కాపీ చేసుకుందనుకోండి. యురాసిల్‌ని థైమిన్ అనుకుని ఎదురుగా అడినిన్ పెడుతుంది. ఇంకోసారి కాపీ అయితే అక్కడ అడినిన్-థైమిన్ జత కూర్చుంటుంది. ఆ జతలో ఏ లోపమూ లేదు, రెండు పోచలూ చక్కగా అతుకుతాయి. తప్పు జరిగిందని పట్టుకోవడానికి ఇక ఆనవాలే మిగలదు. అదీ మ్యుటేషన్. దెబ్బని కణం చూడగలదు, మ్యుటేషన్‌ని చూడలేదు. అందుకే రిపేర్ వ్యవస్థలన్నీ కాపీ జరిగేలోపు పని ముగించాలని పరుగు పెడతాయి.

ఆ పని ఎంత ఉంటుందో మొదట లెక్కగట్టిన మనిషి టోమస్ లిండాల్. డీఎన్‌ఏ చాలా స్థిరమైన అణువని అందరూ నమ్ముతున్న రోజుల్లో, కాదు, అది నీళ్లలో ఊరికే ఉన్నా పాడవుతుందని 1970లలో చూపించాడు. మన ఒక్కో కణంలో రోజుకి సుమారు 10,000 చోట్ల అడినిన్ లేదా గ్వానిన్ ఊడిపోతుంది. సైటోసిన్ యురాసిల్‌గా మారడం రోజుకి వంద సార్లకు పైగా జరుగుతుంది. ఇదంతా ఏ ఎండా, ఏ పొగా లేకుండా. ఇంత జరుగుతున్నా మనం బతుకుతున్నామంటే దీన్ని సరిచేసేది ఏదో ఉండాలని వెతికి, యురాసిల్‌ని తీసేసే ఎంజైమ్‌ని 1974లో కనిపెట్టాడు. 2015లో రసాయనశాస్త్ర నోబెల్ ఆయనకీ, పాల్ మోడ్రిచ్‌కీ, అజీజ్ సాంజార్‌కీ కలిపి ఇచ్చారు.

ఎమ్మెస్సీ ల్యాబ్‌లో చేసిన ఒక ప్రయోగం వల్ల నాకు ఈ విషయం పుస్తకంలో కన్నా బాగా ఎక్కింది. ఈ.కోలై బ్యాక్టీరియాని ప్లేట్ల మీద పరిచి అతినీలలోహిత దీపం కింద కొన్ని సెకన్లు పెట్టేవాళ్లం. ఆ కిరణాలకి డీఎన్‌ఏలో పక్కపక్కనే ఉన్న రెండు థైమిన్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆ చోట కాపీ ఆగిపోతుంది. ఎండ మన చర్మానికి చేసేదీ ఇదే. సారు సగం ప్లేట్లని వెంటనే అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టించి, మిగతా సగాన్ని కాసేపు ట్యూబ్‌లైట్ కింద ఉంచి ఆ తర్వాత చుట్టించారు. ఎందుకంటే చెప్పలేదు. మర్నాడు చూస్తే చీకట్లో ఉంచిన ప్లేట్లలో అక్కడొకటి ఇక్కడొకటి కాలనీ ఉంది. వెలుతురు చూసినవాటిలో లెక్కపెట్టడానికి ఓపిక లేనన్ని ఉన్నాయి. దెబ్బ రెండింటికీ ఒకటే. తేడా అంతా ఫోటోలయేజ్ అనే ఎంజైమ్‌ది. అది నీలి వెలుతురులోని శక్తిని పట్టుకుని, అతుక్కుపోయిన థైమిన్లని నేరుగా విడదీస్తుంది. బ్యాక్టీరియాలో ఈ వింతని 1949లోనే ఆల్బర్ట్ కెల్నర్ ప్రచురించాడు. ఫోటోలయేజ్ జన్యువు మీద తన పరిశోధన మొదలుపెట్టినవాడే సాంజార్.

మనకి ఆ ఎంజైమ్ లేదు. మొక్కలకి ఉంది, చేపలకి ఉంది, కంగారూకి కూడా ఉంది. మాయ ద్వారా బిడ్డని పోషించే క్షీరదాల వంశంలో మాత్రం ఎప్పుడో పోయింది. పైగా దాని దాయాది ప్రొటీన్లని మనం నిద్ర-మెలకువల గడియారానికి వాడుకుంటున్నాం! ఎండ దెబ్బకి మనకున్న దారి ఇంకాస్త పొడవైనది. అతుకు పడిన చోటికి అటూ ఇటూ కోసి, సుమారు 30 క్షారాల ముక్కని ఎత్తేసి, ఎదురు పోచని చూసి ఆ ఖాళీని నింపడం. ఈ దారిలో జన్యులోపంతో పుట్టిన పిల్లలకి జీరోడెర్మా పిగ్మెంటోజమ్ అనే జబ్బు వస్తుంది. కాసేపటి ఎండకే చర్మం కాలిపోతుంది, చిన్నతనంలోనే చర్మ క్యాన్సర్లు వస్తాయి. రిపేర్ లేకపోతే ఏమవుతుందో ఇంతకన్నా స్పష్టంగా చూపించే జబ్బు ఇంకోటి లేదని నా ఉద్దేశం.

ఇక కాపీ చేసేటప్పుడే దొర్లే తప్పులు. డీఎన్‌ఏని కాపీ చేసే ఎంజైమ్ సుమారు లక్ష క్షారాలకి ఒకటి తప్పు పెడుతుంది. వెంటనే వెనక్కి చూసుకుని చాలావాటిని తనే దిద్దుకుంటుంది. దాంతో అది కోటికి ఒకటి అవుతుంది. తర్వాత వచ్చే మిస్‌మ్యాచ్ రిపేర్ సరిగా అతకని జతల్ని తడిమి పట్టుకుంటుంది. చివరికి మిగిలేది వంద కోట్ల నుంచి వెయ్యి కోట్ల క్షారాలకి ఒక తప్పు. మన కణంలో ఉన్నవి సుమారు 600 కోట్ల జతలు, అంటే ఒక్కో విభజనకి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అయితే అతకని జతలో ఏది ఒరిజినల్, ఏది తప్పు అన్నది ఎలా తెలుస్తుంది? ఈ.కోలైలో పాత పోచ మీద మిథైల్ అనే రసాయన గుర్తులు ఉంటాయి, కొత్తదాని మీద అవి పడటానికి కాస్త టైం పడుతుంది. ఆ లోపే దిద్దాలి. మోడ్రిచ్ తేల్చిన సంగతుల్లో ఇదొకటి. ఇక్కడా పరుగే.

రెండు పోచలూ ఒకేచోట తెగిపోతే అన్నిటికన్నా ప్రమాదం, చూసి రాసుకోవడానికి ఎదురు పోచ కూడా ఉండదు. అప్పుడు కణం తెగిన చివరల్ని అలాగే అతికించేస్తుంది, ఒకటి రెండు క్షారాలు పోయినా సరే. లేదా కాపీ అయిన జంట డీఎన్‌ఏ పక్కనే ఉంటే దాన్ని చూసి తూచా తప్పకుండా కట్టుకుంటుంది. రొమ్ము క్యాన్సర్ మాట వచ్చినప్పుడు మీరు వినే ఉంటారు, బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అని. అవి ఈ రెండో పద్ధతికి కావాల్సిన జన్యువులు. రిపేర్ అయ్యేదాకా విభజనని ఆపి టైం ఇచ్చేది పీ53 ప్రొటీన్. దెబ్బ మరీ ఎక్కువైతే కణాన్ని చంపేసేదీ అదే. ఏనుగుల్లో పీ53 జన్యువు కాపీలు సుమారు 20 ఉన్నాయి, వాటికి క్యాన్సర్ తక్కువగా రావడానికి అదొక కారణమని అంటారు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, రిపేర్‌ని తప్పించుకున్న మ్యుటేషన్ ఏం చేస్తుంది. చాలావరకు ఏమీ చేయదు. జీనోమ్‌లో, అంటే మన మొత్తం డీఎన్‌ఏలో, ప్రొటీన్లకి కోడ్ ఇచ్చే భాగం రెండు శాతం కూడా లేదు. మీరూ నేనూ అందరం అమ్మానాన్నల్లో లేని కొత్త మార్పులతోనే పుట్టాం, మనిషికి సుమారు 60 నుంచి 70 దాకా. తండ్రి వయసు ఏడాది పెరిగితే ఈ లెక్క ఒకటిన్నర దాకా పెరుగుతుంది. ఒక్క క్షారం మారినా ఒకోసారి పెద్ద తేడానే వస్తుంది. సికిల్ సెల్ జబ్బులో హీమోగ్లోబిన్ జన్యువులో మారేది ఒక్కటే. ఒక క్షారం పోవడం ఇంకా చెడ్డది, ఎందుకంటే కణం కోడ్‌ని మూడేసి చొప్పున చదువుతుంది. 'పలక కమల పడవ నడక' అన్న వరసలో రెండో అక్షరం తీసేసి మళ్లీ మూడేసి చదవండి: 'పకక మలప డవన డక'. అక్కడి నుంచి చివరిదాకా ఒక్క మాటా మిగల్లేదు.

మంచి మ్యుటేషన్, చెడ్డ మ్యుటేషన్ అని అడిగితే నేను చెప్పేది, ఎక్కడ ఉందో చూసి మాట్లాడాలని. మా ఎమ్మెస్సీ ప్లేట్లలోనే, కిరణాలు తట్టుకుని బతికిన బ్యాక్టీరియాని బ్యాక్టీరియాని చంపే రిఫాంపిసిన్ మందు కలిపిన ప్లేట్ మీద వేస్తే కొన్ని కాలనీలు వచ్చేవి. ఒక్క జన్యువులో చిన్న మార్పు వాటిని కాపాడింది. మందు లేని చోట ఆ మార్పు వల్ల లాభమేమీ లేదు. సికిల్ సెల్ మార్పు కూడా అంతే. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలు వస్తే జబ్బు, ఒకటే ఉంటే తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ.

మాత్రల సంగతికి వస్తే, పైన చెప్పిన తేడా దగ్గరే జవాబు ఉంది. పుట్టుకతో వచ్చిన మ్యుటేషన్ మీ ప్రతి కణంలోనూ సరైన జతలాగే ఉంది. రిపేర్ వ్యవస్థకి అది తప్పుగా కనిపించదు. కనిపించనిదాన్ని ఏ మాత్రా దిద్దించలేదు. ఇక రోజూ తగిలే దెబ్బల్ని తగ్గించుకోవడం మన చేతిలో కొంత ఉంది: పొగ తాగకపోవడం, మండే ఎండలో చర్మాన్ని కప్పుకోవడం. 'డీఎన్‌ఏ రిపేర్' అని రాసి అమ్మే డబ్బాలకి పెట్టే డబ్బు మిగుల్చుకోండి.

నిజమైన మందులు మాత్రం ఈ జ్ఞానం నుంచే వచ్చాయి, విచిత్రంగా రిపేర్‌ని చెడగొట్టేవి. బీఆర్‌సీఏ పోయిన క్యాన్సర్ కణం ఒక రిపేర్ దారిని పోగొట్టుకుంది కదా, ఒలాపరిబ్ అనే మందు పార్ప్ అనే ఇంకో రిపేర్ ఎంజైమ్‌ని కూడా పట్టి ఉంచుతుంది. రెండూ లేక ఆ కణం చస్తుంది. బీఆర్‌సీఏ పనిచేస్తున్న మామూలు కణం తట్టుకుంటుంది. 2014 నుంచి ఇది వాడుకలో ఉంది.

చివరిగా రిపోర్టు గురించి. ఇంట్లో ఒకరికి బీఆర్‌సీఏ1లో హానికర మార్పు ఉందని వస్తే అది చిన్న విషయం కాదు. ఆ మార్పు ఉన్న స్త్రీలకి 80 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 70 శాతం. తోబుట్టువులకీ పిల్లలకీ, మగవాళ్లతో సహా, అది ఉండే అవకాశం సగానికి సగం. కానీ మా దగ్గరికి టెన్షన్‌తో ఫోన్ చేసేవాళ్లలో చాలామంది రిపోర్టులో ఉండేది అది కాదు, వీయూఎస్ అనే మూడక్షరాలు. ఆ మార్పు హానికరమో కాదో చెప్పడానికి ఆధారాలు ఇంకా చాలవని దానర్థం. వీయూఎస్ ఒక్కదాన్నే నమ్మి ఆపరేషన్లకి వెళ్లకూడదు. వీటిలో తర్వాత వర్గం మారేవాటిలో ఎక్కువ శాతం హాని లేనివాటి జాబితాలోకే వెళ్తాయి. మీ రిపోర్టులో ఆ మార్పు పేరు పక్కన ఏ వర్గం రాసి ఉందో ముందు చూడండి. వీయూఎస్ అయితే ఒకటి రెండేళ్లకోసారి అదే ల్యాబ్‌ని, ఏమైనా మారిందా అని అడగండి. హానికరం అని ఉంటే ఆలస్యం చేయకుండా జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి, వెళ్లేటప్పుడు అమ్మవైపు, నాన్నవైపు ఎవరికి ఏ వయసులో ఏ క్యాన్సర్ వచ్చిందో రాసుకుని తీసుకెళ్లండి. వాళ్లు మొదట అడిగేది అదే.