నార్త్ డకోటా పొలంలో గుంటలు: పూడ్చే ముందు పత్రాలు చూడండి

అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రంలో జేమ్స్‌టౌన్ దగ్గర కొనడానికి 160 ఎకరాలు చూశానని, మధ్యలో ఉన్న నీటిగుంటలు పూడ్చి సోయా వేయొచ్చా అని అడిగారు కదండీ. తొందరపడకండి.

అవి ఎవరూ తవ్వినవి కావు. హిమానీనదాలు వెనక్కి తగ్గినప్పుడు మట్టిలో కూరుకున్న మంచుగడ్డలు కరిగి ఏర్పడ్డ పల్లాలు. మన కుంటల్లా కట్టా తూమూ ఉండవు. మంచు కరిగాక ఏప్రిల్‌లో నిండుతాయి. చిన్నవి ఆగస్టుకల్లా ఎండి నెర్రెలిస్తాయి. కొన్నిటి అంచున జమ్ము, దాని వెనక తెల్లటి ఉప్పు పొర కనిపిస్తుంది. అక్కడ పూడ్చినా పంట సరిగా రాదు.

అసలు చిక్కు చట్టంతో. 1985 ఫార్మ్ బిల్లు (అమెరికా వ్యవసాయ చట్టం)లోని స్వాంప్‌బస్టర్ నిబంధన ప్రకారం, సాగు కోసం తడినేలను ఆరబెడితే ప్రభుత్వ పంట సాయాలకు అర్హత పోవచ్చు. పాత యజమాని ఎప్పుడో కేంద్ర ప్రభుత్వ వన్యప్రాణి శాఖకు ఈజ్‌మెంట్ (గుంటలను అలాగే ఉంచుతానని డబ్బు తీసుకుని రాసిచ్చే హక్కు) అమ్మి ఉంటే ఇంకా టెన్షన్. అది శాశ్వతం, భూమి ఎవరు కొన్నా వెంటే వస్తుంది. పూడ్చకూడదు, నీరు తీయకూడదు. తనంతట ఎండిన ఏడాది మాత్రం దున్నుకోవచ్చు.

కాబట్టి అడ్వాన్సు ఇచ్చేముందు కౌంటీ రికార్డర్ ఆఫీసులో (భూమి పత్రాలు నమోదయ్యే చోట) ఈజ్‌మెంట్ ఉందేమో వెతికించండి. తర్వాత వ్యవసాయ శాఖ స్థానిక ఆఫీసులో తడినేల నిర్ధారణ, అంటే ఏ భాగం తడినేల కిందికి వస్తుందో తేల్చి చెప్పమని అడగండి. గుంటల విస్తీర్ణం తీసేసి, మిగిలిన ఎకరాలకే ధర లెక్కకట్టండి.