చేతిలో నాడి అందని మనిషికి మత్తు ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా ఆవిడకు 34 ఏళ్లు, 50 కిలోలు. టకయాసు ఆర్టిరైటిస్ ఉంది. ఎడమ చేతిలో నాడి అందదు. రోజూ ప్రెడ్నిసొలోన్ 7.5 మి.గ్రా., ఆస్పిరిన్ 75 మి.గ్రా. వేసుకుంటోంది. బొడ్డు దగ్గర చిన్న హెర్నియాకు ఆపరేషన్ చేసి సాయంత్రమే పంపేస్తామంటున్నారు. మత్తు ప్రమాదమా?
- ఓ పాఠకుడు, ముమ్మిడివరం దగ్గర లంక గ్రామం

జవాబు: ఆమె విషయంలో మొదట తేలాల్సింది బీపీ ఎక్కడ చూడాలన్నది. ఈ జబ్బులో బృహద్ధమని, దాని కొమ్మల గోడలు వాచి లోపలి దారి సన్నబడుతుంది. అలాంటి చేతికి పట్టీ చుడితే 90 చూపించొచ్చు, అదే నిమిషంలో గుండె దగ్గర 160 ఉండొచ్చు. ఆ 90ని నమ్మి బీపీ పెంచే మందు ఎక్కిస్తే మెదడులో రక్తస్రావం కావచ్చు. కాబట్టి ముందే రెండు చేతులకీ రెండు కాళ్లకీ బీపీ చూపించండి. ఎక్కువ వచ్చిన చోటే అసలు బీపీకి దగ్గర. ఏ చెయ్యో, ఏ కాలో కాగితం మీద రాయించి మత్తు డాక్టరుకివ్వండి. మెడ, కిడ్నీ ధమనుల సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్), ఎకో (గుండె స్కాన్), వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ కూడా కావాలి. వాపు చురుగ్గా ఉంటే ఆపరేషన్ వాయిదా వేయడమే మంచిది. హెర్నియా ఇరుక్కుని నొప్పి, వాంతులు వస్తే మాత్రం ఆగకూడదు.

చిన్న హెర్నియా అయితే నా ఓటు లోకల్‌కే, అంటే కోసే చోట మాత్రమే తిమ్మిరి ఎక్కించే మత్తుకే. ఆమె మెలకువగా మాట్లాడుతుంటే మెదడుకు రక్తం అందుతోందని తెలుస్తూనే ఉంటుంది. అందుకు వాడే తిమ్మిరి మందు లిగ్నోకెయిన్, అడ్రినలిన్ కలపనిది, కిలోకి 3 మి.గ్రా. దాటకూడదు. అంటే ఆమెకు 1 శాతం మందు 15 మి.లీ. వరకే. వెన్నుకిచ్చే మత్తుతో బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు, మెడ ధమనులు సన్నబడినవాళ్లకు అది కీడు. పూర్తి మత్తే తప్పదంటే మెడను వెనక్కి వంచకూడదు. మెషీన్‌తో శ్వాస ఎక్కువగా ఇస్తే కార్బన్ డయాక్సైడ్ తగ్గి మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి, అదీ జరగనివ్వకూడదు.

ప్రెడ్నిసొలోన్ స్టెరాయిడ్ మాత్ర, ఒక్క పూట కూడా మానొద్దు. ఆ ఉదయం గుక్కెడు నీళ్లతో వేసుకోవాలి. చాన్నాళ్లు వాడితే ఒంట్లో సొంత స్టెరాయిడ్ తయారీ మందగిస్తుంది, అందుకే ఆపరేషన్ వేళ హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కావాలేమో మత్తు డాక్టర్ చూస్తారు. ఆస్పిరిన్ కూడా మీ అంతట మీరు ఆపొద్దు. పాల కాఫీ, మజ్జిగ ఆహారం కిందే లెక్క, 6 గంటల ముందే ఆపాలి. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగొచ్చు.

నొప్పికి పారాసిటమాల్ చాలు. కిడ్నీ ధమని సన్నబడి ఉంటే డైక్లోఫెనాక్ హాని చేస్తుంది.

ఇక సాయంత్రం ఇంటికి పంపడం. రేవు దాటి వెళ్లాల్సిన ఊరు మీది, రాత్రివేళ వెనక్కి రావడం కష్టం. ఐసీయూ ఉన్న ఆసుపత్రిలోనే చేయించి, ఆ రాత్రి అక్కడే ఉంచమని అడగండి. ఇంటికొచ్చాక మాట తడబడినా, చూపు మసకబారినా, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పినా, వాంతులతో స్టెరాయిడ్ మాత్ర నిలవకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.