అమ్మమ్మ క్యాసెట్లు రికార్డ్ చేసే ముందు

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

అమ్మమ్మ పాడిన మంగళహారతుల క్యాసెట్లు, మీ అమ్మానాన్నల పెళ్లి వీడియో అటక మీద దొరికాయని నువ్వు చెప్పినప్పటి నుంచీ నాకు మనసు మనసులో లేదు. వాటిని హాల్లో ఉన్న హోమ్ థియేటర్ రిసీవర్ ద్వారా కంప్యూటర్లోకి ఎక్కిస్తానన్నావు. మంచి పని. కానీ తొందరపడకు. ఫోన్లో సగమే చెప్పగలిగాను, మిగతాది రాస్తున్నాను.

ముందు రిసీవర్ వెనక టార్చి వేసి చూడు. ‘టేప్ అవుట్’ అనో ‘రెక్ అవుట్’ అనో రాసి, ఎరుపు, తెలుపు పిన్నులు పెట్టే జత ఒకటి ఉందేమో వెతుకు. ఈమధ్య వచ్చే చాలా మోడళ్లలో అది తీసేశారు. ఉంటే అదృష్టమే, అక్కడి నుంచే కంప్యూటర్‌కి వైరు లాగు. లేకపోతే రిసీవర్ సంగతి మరిచిపోయి, క్యాసెట్ డెక్ నుంచి నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌కి, అంటే శబ్దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించే చిన్న పెట్టెకి, వైరు లాగు. అంతేగానీ వేరే యాంప్లిఫయర్‌కి కలిపే ‘ప్రీ అవుట్’ నుంచో హెడ్‌ఫోన్ రంధ్రం నుంచో మాత్రం తీయకు. వాటిలో వచ్చే శబ్దం వాల్యూమ్ బటన్‌తో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. రెక్ అవుట్‌కి ఆ బాధ లేదు. వాల్యూమ్ సున్నాకి తెచ్చినా రికార్డింగ్ మారదు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నదిరా. అమ్మ గొంతు ఉన్న మొదటి క్యాసెట్‌ని హెడ్‌ఫోన్ రంధ్రం నుంచే ఎక్కించాను. మధ్యలో ఫోన్ మోగితే మీ అత్తయ్య వాల్యూమ్ తగ్గించింది. ఆమెకేం తెలుసు, నేను చెప్పనేలేదు. రెండో చరణం దగ్గర అమ్మ గొంతు ఉన్నట్టుండి దూరమైపోతుంది. సరే, మళ్లీ చేద్దామని క్యాసెట్ పెడితే రీలు రోలర్‌కి చుట్టుకుని నలిగిపోయింది. ఇప్పుడు నా దగ్గర మిగిలింది ఆ ఒక్క రికార్డింగే.

ఇంకో సంగతి. డెక్‌ని రిసీవర్‌కి మామూలు ఎరుపు, తెలుపు పిన్నులతోనే కలుపు. హెచ్‌డీఎంఐలోనో ఆప్టికల్‌లోనో వచ్చిన శబ్దం చాలా రిసీవర్లలో రెక్ అవుట్‌కి చేరదు. అన్నీ సరిగ్గా కలిపి, కంప్యూటర్లో శబ్దం చూపించే గీత కదలక, గంటలు గంటలు టెన్షన్ పడేది ఇక్కడే. రికార్డ్ అవుతున్నంతసేపూ రిసీవర్ ఆన్‌లోనే ఉండాలి. మధ్యలో టీవీ చూద్దామని ఇన్‌పుట్ మార్చావో, అమ్మమ్మ పాట మీద సీరియల్ ఎక్కుతుంది.

కంప్యూటర్లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టుకుని వేవ్ ఫైల్‌గా దాచు. ఎంపీ3 తర్వాతైనా చేసుకోవచ్చు. శబ్దం ఎంత పెరిగినా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకో. నెమ్మదిగా ఉన్నదాన్ని తర్వాత పెంచుకోగలం, పగిలిన గొంతుని మాత్రం అతికించలేం. వెనకాల ఝుమ్మని శబ్దం వస్తుంటే డెక్, రిసీవర్, కంప్యూటర్ మూడింటినీ ఒకే ప్లగ్ బోర్డు మీద పెట్టు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పీకేసి చూడు. చాలావరకు అక్కడే తగ్గిపోతుంది.

అమ్మమ్మ గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టు మందంగా వినిపిస్తే క్యాసెట్ పాడైందని అనుకోకు. అప్పట్లో వేరే టేప్ రికార్డర్‌లో రికార్డ్ చేశాం కదా, రీలు మీది శబ్దాన్ని చదివే భాగాన్ని హెడ్ అంటారు, దాని హెడ్ వాలు వేరు, నీ డెక్ హెడ్ వాలు వేరు. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. పాట నడుస్తుండగా దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ ‘స’, ‘శ’ల మీద చెవి పెట్టు. ఒకచోట అవి తేటగా విచ్చుకుంటాయి. అక్కడ ఆపు. ముందు స్క్రూ ఎక్కడుందో పెన్నుతో గుర్తు పెట్టుకోవడం మరిచిపోకు.

వీడియోకి మాత్రం రిసీవర్ వద్దంటాను. వీసీఆర్ నుంచి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు నేరుగా క్యాప్చర్ పరికరానికి, అంటే వీడియోని కంప్యూటర్లోకి ఎక్కించేదానికి, పెట్టు. మధ్యలో ఒక పెట్టె ఎక్కువైతే బొమ్మ బాగుపడేది ఏమీ లేదు. మనవి ‘పాల్’ అనే మన దేశపు టీవీ పద్ధతి టేపులు కాబట్టి సెకనుకి 25 ఫ్రేములు, 720 బై 576 పెట్టుకో. టేపు నడిచినంతసేపూ కూర్చోవలసిందే, తొందరగా ఎక్కించే దారి లేదు.

అన్నిటికంటే ముందు, పెళ్లి టేపు కిటికీలోంచి రీలు అంచు చూడు. తెల్లగా పొడిలా కనిపిస్తే అది బూజు. ఇన్నేళ్లు కాకినాడ తేమలో ఉంది కదా, నాకు ఆ అనుమానమే ఉంది. అలా ఉంటే వీసీఆర్‌లో అసలు పెట్టకు. టేపూ పోతుంది, హెడ్డూ పోతుంది. వీసీఆర్‌లు తయారుచేసిన చివరి జపాన్ కంపెనీ కూడా 2016లోనే ఆపేసింది. ఉన్న మెషీన్ చెడిపోతే ఇంకొకటి వెతకడం మహా కష్టం.

క్యాసెట్లతో మొదలుపెట్టు. అదీ ముందు ఏదో ఒక పాత సినిమా పాటల క్యాసెట్‌తో అరగంట ప్రయత్నించి, అంతా బాగుందనుకున్నాకే అమ్మమ్మది పెట్టు. పెళ్లి టేపు పొడిగా ఉన్న బీరువాలో నిలబెట్టి ఉంచు. వచ్చే నెల నేను వచ్చేటప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, హెడ్ తుడిచే మెత్తటి తోలు గుడ్డ తెస్తాను. ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మావయ్య